ఆరడుగుల దూరానికి పొడుగు లెన్సు

కరోనా వల్ల సూరత్‌కు జరిగిన నష్టాల గురించి చాలామంది చాలా రాశారు. అందులో ఒక్క నష్టానికి మాత్రం వైరస్‌తో ఏ సంబంధమూ లేదు. అది పూర్తిగా నా చేతుల మీదుగా, పట్టపగలు, పర్వత్ పాటియా బజారులో, ఒక కుటుంబం కుటుంబమంతా ఊపిరి బిగబట్టి నిలబడి ఉండగా జరిగింది. ఆ కుటుంబం ఇప్పటికీ నాకు దోసె పెడుతోందంటే అది వాళ్ల మంచితనమే తప్ప నా గొప్ప కాదు.

అప్పట్లో నేను సూరత్ పక్కనున్న హజీరాలో ఒక ఫ్యాక్టరీలో ఇంజినీరుని. కాకినాడ నుంచి కొత్తగా వచ్చి ఆల్థాన్‌లో ఒక ఫ్లాట్ అద్దెకు తీసుకున్నాను. పెళ్లి కాలేదు, వంట రాదు. పొయ్యి వెలిగించడం వరకూ వచ్చు, ఆ తర్వాత ఏం చేయాలో తెలియదు. లాక్‌డౌన్ పడి హోటళ్లన్నీ మూసేశాక నన్ను బతికించింది రాజేశం గారు. ఆయనది సిరిసిల్ల వైపు. చాలా ఏళ్లు సూరత్‌లో మరమగ్గాల మీద పనిచేసి, అది వదిలేసి పర్వత్ పాటియాలో చిన్న టిఫిన్ సెంటర్ పెట్టుకున్నాడు. దుకాణం షట్టర్ దించేసినా, ఇంట్లో భార్య లచ్చక్క వండితే, నాలాంటి దిక్కులేని తెలుగువాళ్లకు స్కూటర్ మీద డబ్బాలు చేరవేసేవాడు. డబ్బా మా గేటు మీద పెట్టి, దూరంగా నిలబడి, "సారూ, వేడి మీద తినుండ్రి, చల్లారితే చారు మీద అలుగుతరు" అనేవాడు.

తిండి దొరికిన మనిషికి బుద్ధి పెడదారి పడుతుంది. నాకు పాత ఫిల్ము కెమెరా మీద మోజు పుట్టింది. గదిలో కూర్చుని వీడియోలు చూసీ చూసీ, ఫోన్‌తో ఫోటోలు తీసేవాళ్లంతా అనాగరికులన్న నిర్ణయానికి వచ్చాను. అహ్మదాబాద్‌లో పాత కెమెరాలమ్మే ఒక పెద్దాయనకు ఫోన్ చేసి, రష్యాలో తయారైన రేంజ్‌ఫైండర్ కెమెరా ఒకటి మాట్లాడుకున్నాను. ఇనప దిమ్మెలా ఉంటుంది. దాని కిటికీలోంచి చూస్తే ఎదుటి మనిషి ఇద్దరుగా కనిపిస్తాడు. లెన్సు చుట్టూ ఉన్న వలయాన్ని తిప్పుతూ ఆ ఇద్దరినీ ఒక్కరిగా కలిపితే ఫోటో స్పష్టంగా వస్తుందన్నమాట. ఈ ఒక్క ముక్క పట్టుకుని నన్ను నేను శాస్త్రవేత్తననుకున్నాను.

"కెమెరాతో మామూలు లెన్సు వస్తుంది సాబ్. నేర్చుకోవడానికి అదే బాగుంటుంది" అన్నాడు పెద్దాయన హిందీలో.

"ఇంకేమున్నాయి?"

"పొడుగుది ఒకటుంది. దూరంగా ఉన్నవాటిని దగ్గరగా చూపిస్తుంది. కానీ కొత్తవాళ్లకి..."

ఆయన్ని మాట పూర్తి చేయనివ్వలేదు. ఊరంతా ఆరడుగుల దూరం పాటించమంటోంది కదా. మనుషులు ఆరడుగుల దూరంలో ఉంటే వాళ్లను దగ్గరగా చూపించే లెన్సే కదా కావాల్సింది? ప్రభుత్వ నిబంధనను బట్టి లెన్సు ఎంచుకున్న మొట్టమొదటి ఫోటోగ్రాఫర్‌ని నేనేనని ఇప్పటికీ నా నమ్మకం.

"ఆ పొడుగుదే ఇవ్వండి" అన్నాను.

"అచ్ఛా. అయితే దానికి విడిగా ఒక ఫైండర్ ఉంటుంది, కెమెరా నెత్తిన పెట్టుకోవాలి. అదీ పంపించనా?"

"ఫైండర్ అంటే చూసే కిటికీయే కదా?"

"హా సాబ్."

"కెమెరాకి ఆల్రెడీ ఒకటి ఉంది కదండీ. రెండెందుకు?"

"సరే సాబ్, మీ ఇష్టం" అన్నాడు పెద్దాయన. అనవసరమైన సరుకు అంటగట్టబోయి దొరికిపోయాడని లోలోపల నవ్వుకున్నాను. చూడండి, కొంతమందికి జ్ఞానం ఇంటి ముందుకొచ్చి తలుపు కొడుతుంది. వాళ్లు లోపలి నుంచి గడియ పెట్టుకుంటారు.

కెమెరా వచ్చింది. మామూలు లెన్సును బీరువాలో పడేసి, వంకాయంత పొడుగు లెన్సు బిగించాను. కిటికీలోంచి చూస్తే ఎదురు బిల్డింగ్ మొత్తం కనిపించింది. దగ్గరగా ఏమీ రాలేదేమిటని ఒక్క క్షణం అనుమానం వచ్చిన మాట నిజం. 'మంచి లెన్సు, అన్నీ పట్టేస్తోంది' అని దాన్ని మెచ్చుకుని అనుమానాన్ని పంపించేశాను. ఫిల్ము ఖరీదు కాబట్టి లాక్‌డౌన్ అంతా ఖాళీ కెమెరాతోనే సాధన చేశాను. పావురాలను తీశాను, ఎదురింటి వాళ్లు ఆరేసిన బట్టలను తీశాను, సూర్యాస్తమయాలు తీశాను. ఒక్కటి కూడా చెడలేదు.

రెండో వేవ్ తగ్గాక రాజేశం గారు దుకాణం మళ్లీ తెరవాలనుకున్నాడు. కొత్త రంగులు, కొత్త పెనం, తెలుగులోనూ గుజరాతీలోనూ రాసిన కొత్త బోర్డు. ఆ బోర్డు కింద అందరూ నిలబడి ఒక ఫోటో దిగి, పెద్దది చేయించి గల్లా మీద పెట్టుకోవాలని ఆయన కోరిక. మాట నా చెవిన పడింది.

"నేను తీస్తానండీ. అసలైన ఫిల్ము మీద. మీ మనవలు కూడా చూస్తారు" అన్నాను.

"గంతకన్న ఏం గావాలె సారూ" అన్నాడాయన.

ఆ ఫోటో ఆయనకెంత ముఖ్యమో ముందురోజు లచ్చక్క చెబితేగానీ తెలియలేదు. రాజేశం గారికి ఒక అన్న ఉన్నాడు, నర్సయ్య. నవాగామ్‌లో ఉంటాడు, ఇంకా మగ్గాల మీదే పని. తమ్ముణ్ణి సూరత్ తీసుకొచ్చి పని నేర్పింది ఆయనే. తమ్ముడు మగ్గం వదిలి పెనం పట్టుకోవడం ఆయనకు అవమానమైంది. అప్పటి నుంచి ఒకే ఊళ్లో ఉంటూ ఇద్దరికీ మాటల్లేవు.

"నేను పోయి కాళ్లు మొక్కినంత పని చేసిన" అంది లచ్చక్క. "ఇగ వస్త అన్నడు. గని ఫోటో దిగి పోత, మీ దోస ముట్ట అన్నడు. జర మంచిగ తియ్యి తమ్మీ. మల్ల రమ్మంటె రాడు."

"మీరేం కంగారుపడకండి లచ్చక్కా" అన్నాను. ఆమె పాపం నిజంగానే కంగారు మానేసింది.

మర్నాడు నర్సయ్య గారు తెల్ల చొక్కా, మాస్కు వేసుకుని వచ్చారు. ఎవరినీ పలకరించకుండా బోర్డు కింద నిలబడ్డారు. ఆయనకూ తమ్ముడికీ మధ్య ఒక ఆవు హాయిగా పడుకునేంత జాగా ఉంది.

"కొంచెం దగ్గరికి జరగాలండీ" అన్నాను.

"కరోనా గద. దూరమే ఉండాలె" అన్నారు నర్సయ్య గారు రోడ్డు వైపు చూస్తూ.

"ఒక్క నిమిషం పెద్దబాపూ, కరోనాకు నేను చెప్త" అంటూ రాజేశం గారి కూతురు మౌనిక ఆయన్ని వెనక నుంచి నెట్టింది. సూరత్‌లోనే పుట్టి పెరిగిన పిల్ల, కాలేజీలో చదువుతోంది. తెలుగు, హిందీ, గుజరాతీ మూడింటిలోనూ ఎదుటివాణ్ణి నోరు మూయించి కూర్చోబెట్టగలదు. ఆ నెట్టుడికి అన్నదమ్ముల భుజాలు తగిలాయి. ఇద్దరూ కరెంటు తగిలినట్టు బిగుసుకుపోయారు.

మాస్కులు తీయించి కిటికీలోంచి చూశాను. బోర్డు, మనుషులు, కాళ్లకున్న చెప్పులు, పక్కన నిలబెట్టిన స్కూటర్, అంతా నిండుగా ఉంది. కాకపోతే రాజేశం గారు ఇద్దరున్నారు. వాళ్లను ఒకటి చేయడం మొదలుపెట్టాను. తిప్పితే మీసాలు కలిసేవి, ఈలోగా ఆయన దగ్గేవాడు, మళ్లీ విడిపోయేవి. లోపల పెనం మీద ఏదో మాడుతున్న వాసన వచ్చింది.

"ఏందిది?" అన్నారు నర్సయ్య గారు పెదవులు కదపకుండా. "గింత సేపట్ల నేను ఒక తాను బట్ట నేసి మడత పెడుతుంటి."

"అన్నా, జస్ట్ ఇన్ కేస్ నేను ఫోన్లో ఒకటి తీస్త" అంది మౌనిక నాతో.

ఇక్కడ, పాఠకులారా, నన్ను ఆపడానికి దేవుడు చేసిన ఆఖరి ప్రయత్నాన్ని కూడా తిప్పికొట్టాను. "వద్దు. ఫోన్ ఫోటో ఉంటే దీని విలువ పోతుంది. ఎవరూ ఫోన్లు తీయొద్దు" అని ప్రకటించాను.

"లోపట పెట్టు బిడ్డా, సారు చెప్తున్నడు" అన్నాడు రాజేశం గారు నా మీద భక్తితో.

రోలు అయిపోయేదాకా తీశాను. ఆఖరి క్లిక్కు చప్పుడు ఆగకముందే నర్సయ్య గారు మాస్కు పెట్టుకుని ఆటో ఎక్కేశారు. లచ్చక్క ప్లేటులో దోసె పట్టుకుని గడప దాకా పరిగెత్తింది కానీ అందలేదు.

ఫిల్మును కడిగి ప్రింట్లు వేయడానికి ముంబై పంపాలి. ఆ రోజుల్లో కొరియర్ నత్తలా నడిచేది. నేను వెళ్లినప్పుడల్లా రాజేశం గారు, "వచ్చినయా సారూ?" అని అడిగేవాడు. గల్లా మీద గోడకు మేకు కొట్టించాడు. ఫ్రేము కొని, అద్దం తుడిచి సిద్ధంగా పెట్టాడు. కవరు రాగానే, నేను కూడా చూడకుండా, సీలు విప్పకుండా నేరుగా దుకాణానికి పట్టుకెళ్లాను. అందరి ముందూ తెరవాలని నా సరదా. ముందే చూసి ఉంటే ఆ రాత్రికే కాకినాడ రైలెక్కేవాణ్ణి.

లచ్చక్క చేతులు తుడుచుకుని వచ్చింది. మౌనిక కవరు చింపి మొదటి ఫోటో తీసింది. తల పక్కకు వంచి చూసింది. రెండోది తీసింది. మూడోది తలకిందులుగా తిప్పి చూసింది.

"అన్నా, ఇది ఎవరిది?"

"ఏది?"

"కడుపు."

లాక్కుని చూశాను. అద్భుతమైన స్పష్టత. చొక్కా గుండీలకున్న దారాలు లెక్కపెట్టుకోవచ్చు. రాజేశం గారి బొజ్జ, దాని పక్కన నర్సయ్య గారి బొజ్జ, ఓ మూల లచ్చక్క చీర కుచ్చిళ్లు. పైన ఛాతీ దగ్గర, కింద తొడల దగ్గర లోకం ఆగిపోయింది. రోలంతా అదే. బోర్డు లేదు, స్కూటర్ లేదు, ఒక్కరికీ మొహం లేదు.

రాజేశం గారు కవరును తిరగేసి దులిపాడు. లోపల ఒక కన్ను పెట్టి చూశాడు. తర్వాత, నన్ను నొప్పించకూడదన్నట్టు మెల్లగా అడిగాడు. "సారూ, తలకాయలు వేరే కవర్ల వస్తయా?"

"ఇది ఒక రకమైన ఆర్టండీ" అన్నాను.

"ఆర్ట్ కాదు అన్నా, కడుపు స్కానింగ్" అంది మౌనిక.

గాలి పీల్చుకునే నెపంతో బయటికొచ్చాను. కెమెరా సంచీలోనే ఉంది. కిటికీలోంచి చూస్తే బజారంతా ఎప్పటిలాగే నిండుగా కనిపించింది. ఏమనిపించిందో, లెన్సు ఊడదీసి మళ్లీ చూశాను. బజారు అలాగే ఉంది. ఆటో ఆటోలాగే ఉంది, మేక మేకలాగే ఉంది. లెన్సు లేకపోయినా లోకానికి ఏ లోటూ రాలేదు.

అప్పుడు అర్థమైంది. ఈ కెమెరాలో మన కన్ను లెన్సులోంచి చూడదు. కిటికీ దారి కిటికీది, లెన్సు దారి లెన్సుది. కిటికీ చూపేదంతా మామూలు లెన్సు పట్టేంత మేర. నా పొడుగు లెన్సు అందులో నట్టనడుమ ఉన్న ముక్కను మాత్రమే కోసుకుంటుంది. నిలబడ్డ మనుషులకు నట్టనడుమ ఏముంటుందో వేరే చెప్పక్కర్లేదు. ఆ ముక్క ఎంతో చూపించడానికే అహ్మదాబాద్ పెద్దాయన ఇంకో ఫైండర్ ఇస్తానన్నాడు.

తిట్లు తినడానికి సిద్ధపడి లోపలికి వెళ్లాను. ఎవరూ తిట్టలేదు. లచ్చక్క ఒక ఫోటోను కళ్లకు దగ్గరగా పెట్టుకుని ఉంది.

"గిది చూడుండ్రి" అంది.

రెండు బొజ్జల మధ్య, కింద, రెండు చేతులున్నాయి. ఒకటి నర్సయ్య గారిది, మగ్గం నూనె మరకలు పోని వేళ్లు. ఇంకొకటి పెనం కాలిన మచ్చలున్న రాజేశం గారిది. చిన్నపిల్లల్లా వేళ్లు పట్టుకుని ఉన్నాయి. మీసాలు కలపడంలో మునిగిన నేను చూడలేదు. బోర్డు కింద నిలబడ్డ మిగతావాళ్లూ చూడలేదు.

రాజేశం గారు ఫోటోను వెలుతురుకు పట్టి చూశాడు. "నేను పట్టుకోలె. అన్ననే పట్టుకున్నడు" అన్నాడు.

మౌనిక అప్పటికే పెద్దబాపుకు ఫోన్ కలిపి స్పీకర్ పెట్టింది. సంగతి విని అవతలి నుంచి నర్సయ్య గారు, "అబద్ధం. వాడే పట్టుకున్నడు. నేను ఓర్సుకున్న, గంతే" అన్నారు.

"నువ్వే పట్టుకున్నవ్" అన్నాడు రాజేశం గారు ఫోన్ మీదికి వంగి.

"ఏదీ, ఫోటో ఉంచుండ్రి. నేనొచ్చి చూస్త."

ఏళ్ల తర్వాత అన్నదమ్ములు మాట్లాడుకున్న మొదటి మాటలు ఇవి. మర్నాడే ఆయన కళ్లజోడుతో సహా దిగారు. ఇద్దరూ బల్లకు చెరోవైపు కూర్చుని ఫోటో మీద పోలీసుల్లా పడ్డారు.

"నా బొటనవేలు కిందికున్నది. అంటె నీ చెయ్యే మీదికెల్లి వచ్చింది" అన్నారు నర్సయ్య గారు.

"మీదికెల్లి ఎట్లొస్తది? నీ చెయ్యి గుంజితెనే వచ్చింది."

వాదనలో ఉండగా లచ్చక్క చప్పుడు చేయకుండా ఒక దోసె తెచ్చి బావగారి ముందు పెట్టింది. ఆయన తమ్ముడి వైపు వేలు చూపిస్తూ, రెండో చేత్తో తుంచి తినేశారు. ఇంకొకటి పెట్టింది. అదీ అయింది. మౌనిక నోరు తెరవబోతే లచ్చక్క కళ్లతోనే ఆపింది.

ఆ ఫోటోనే పెద్దది చేయించి గల్లా మీద మేకుకు తగిలించారు. కొత్తగా వచ్చినవాళ్లు ఇడ్లీ తింటూ దాన్ని చూసి, "ఏ కోణ్ ఛే, కాకా?" అని గుజరాతీలో అడుగుతారు, ఎవరని. "మోటాభాయ్. ఎడమ దిక్కుది" అంటాడు రాజేశం గారు రెండు భాషలు కలిపి, మా పెద్దన్న అని, ఎంతో గర్వంగా. పనిలో పనిగా తిండి బాగుంటుందనడానికి ఆ రెండు బొజ్జలకన్నా మంచి ప్రకటన లేదని కూడా అంటాడు.

మొన్న మౌనికకు సంబంధం కుదిరింది. రాజేశం గారు స్కూటర్ మీద మా ఇంటికొచ్చి, బొట్టు పెట్టి మరీ పిలిచాడు.

"సారూ, మీరు లేకుంటె పెండ్లి కాదు. ఒక్కరోజు ముందుగాల్నే రావాలె."

"తప్పకుండా వస్తానండీ."

ఆయన మెట్లు దిగబోయి ఆగాడు. మొహమాటపడ్డాడు. చివరికి ధైర్యం చేశాడు.

"ఒట్టి చేతులతోని రాండ్రి."

కాబట్టి ఇందుమూలంగా యావన్మంది తెలుగు ప్రజలకు, తాపీ నదికి ఇరువైపులా నివసించు సూరత్ వాస్తవ్యులకు నేను ప్రమాణపూర్వకంగా తెలియజేయునది ఏమనగా: నా బొందిలో ప్రాణం ఉండగా తలా కాళ్లూ ఉన్న ఏ జీవినీ ఈ పొడుగు లెన్సుతో ఇక ఫోటో తీయను. మరీ చేతులు ఆగకపోతే, నడుమ తప్ప ఇంకేమీ లేని చంద్రుణ్ణీ ఇడ్లీనీ మాత్రమే తీసుకుంటాను.