సరిచేసిన నెక్

ఆదివారం ఉదయం తొమ్మిదీ పదికి నా భార్య గుడి వెనక గదిలో శాక్సఫోన్ పెట్టె తెరిచింది. ఊపిరితిత్తుల జబ్బుతో విజయవాడ ఆసుపత్రిలోనూ, ఆ తర్వాత ఇంట్లో మంచం మీదా నెలల తరబడి ఉండి, మళ్లీ వాయించడానికి వచ్చిన మొదటి ఆదివారం అది. డాక్టరు వద్దనలేదు, మెల్లగా ఊదితే మంచిదేనన్నాడు. మంచంలో ఉన్నన్నాళ్లూ ఆమె ఆయన్ను ఆత్రంగా అడిగింది ఆ ఒక్క విషయమే.

అన్నాళ్లూ గుడిలోనే ఉండిపోయిన ఆ పెట్టెలో శాక్సఫోన్ ఉంది. దాని పాత నెక్ లేదు. ఆ గుంటలో పసుపు పచ్చగా మెరుస్తూ కొత్తది ఉంది.

నెక్ అంటే నోట్లో పెట్టుకునే మౌత్‌పీస్‌కీ, వాయిద్యం ఒంటికీ మధ్య వంపు తిరిగి ఉండే జానెడు గొట్టం. బిగించుకోవచ్చు, ఊడదీసుకోవచ్చు. చూడ్డానికి చిన్న ముక్క. కానీ గాలి మొదట పోయేది అందులోకే. అది మారితే వాయిద్యం మారినట్టే.

పాస్టరు గారి అల్లుడు తలుపు దగ్గర నిలబడి నవ్వుతున్నాడు. గుడిలో కీబోర్డు వాయించేది అతనే.

"సర్‌ప్రైజ్ ఆంటీ. ఆ వంకర నెక్ తీసేసి కొత్తది వేయించాం. మన యూత్ అంతా కలిసి."

ఆమె థాంక్స్ చెప్పింది. ముప్పయ్యేళ్లు బడిలో పాఠాలు చెప్పిన మనిషి. ఇచ్చినవాళ్ల మొహం చూసి సంతోషపడటం ఆమెకు అలవాటు.

ఆ శాక్సఫోన్ ఆమె తండ్రిది. ఆయన జగ్గయ్యపేటలో పెళ్లి బ్యాండులో వాయించేవాడు. ఒక ఊరేగింపులో కాలు జారి పడినప్పుడు మౌత్‌పీస్ ట్రాక్టరు తొట్టికి కొట్టుకుని నెక్ కిందికి వంగింది. వాయించగలుగుతున్నాను కదా అని ఆయన దాన్ని అలాగే వదిలేశాడు. ఆయన పొడగరి, ఆ వంపు కోసం తల దించాల్సి వచ్చేది. నా భార్య పొట్టి. ఆమెకు ఆ వంగిన నెక్ సరిగ్గా పెదవుల దగ్గరికి వచ్చి ఆగేది. గడ్డం ఎత్తక్కర్లేదు, దించక్కర్లేదు.

వంగినచోట గొట్టం కొంచెం నొక్కుకుపోయింది. అందువల్ల గాలికి అడ్డు తగిలేది. ఆమె ఆ అడ్డుకు ఆనుకుని వాయించేది. తక్కువ ఊపిరితో పాట వరుసను చివరిదాకా తీసుకుపోయేది. కింది స్వరాలు మందంగా వచ్చేవి. పై స్వరాలు పిలిచాక ఒక క్షణం ఆగి పలికేవి. శ్రుతి కూడా ఒక వెంట్రుక తక్కువ. ఇవన్నీ లోపాలే. నేను వాటిని గొప్పగా చెప్పను. కానీ ఏ స్వరానికి పెదవి బిగించాలో, ఏ స్వరానికి వదలాలో ఆమె ఒంటికి తెలుసు. మేం ఇన్నేళ్లు విన్నది ఆ తెలియడాన్నే.

కొత్త నెక్ మంచిదే. అది కూడా చెప్పాలి. గాలి ఎక్కడా ఆగదు. ముట్టుకుంటే పై స్వరం పలుకుతుంది. శబ్దం పదునుగా వెనక బెంచీల దాకా పోతుంది. అయితే అది వేరే కంపెనీ శాక్సఫోన్‌కి చేసింది. బిగించేచోట సన్నగా గాలి కారేది, అట్టడుగు స్వరాలు వణికేవి. గట్టి ఊపిరి ఉన్న కుర్రాడైతే ఊది నెట్టుకొస్తాడు. ఆమెకున్నది ఆసుపత్రి నుంచి మిగుల్చుకొచ్చిన ఊపిరి.

మొదటి కీర్తనలోనే వరుస మధ్యలో ఆమె ఆగిపోయింది. జనం పాడుకుంటూ ముందుకు పోయారు. ఆమె వెనక నుంచి అందుకుంది, మళ్లీ ఆగింది. మౌత్‌పీస్ పైకి ఉండటంతో గడ్డం ఎత్తాల్సి వచ్చింది, గడ్డం ఎత్తితే దగ్గు వచ్చింది. మూడో పాటకి వాయిద్యాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. బయటికొచ్చాక ఇద్దరు ముగ్గురు ఆడవాళ్లు, ఈసారి భలే గట్టిగా వినపడింది టీచరమ్మా అన్నారు.

ఇంటికొచ్చి మంచినీళ్లు తాగి చెప్పింది.

"చిల్లు బిందెలో పోసినట్టుందండీ. ఎంత ఊదినా నిలవట్లా."

సాయంత్రం నేను పాస్టరు గారి అల్లుడి దగ్గరికి వెళ్లాను. పాత నెక్ ఎక్కడుందని అడిగాను.

"జగ్గయ్యపేటలో రిపేరాయనకి ఇచ్చేశాం అంకుల్. అది స్క్రాపు. శ్రుతి తక్కువ, కీబోర్డుతో కలిసి చచ్చేది కాదు."

"కీబోర్డు శ్రుతి తగ్గించడానికి బటన్ ఉంది కదా."

"ఉందండి. ప్రతివారం అదంతా ఎవరు సెట్ చేస్తా కూర్చుంటారు?"

సిగ్గుపడకుండా అన్నాడు. అతనికి ముందు కీబోర్డు వాయించిన డిగ్రీ అమ్మాయి ప్రతి ఆదివారం వచ్చీ రాగానే ఆ బటన్ నొక్కేది. కుర్చీ జరుపుకున్నంత మామూలుగా చేసేది. పెళ్లై ఖమ్మం వెళ్లిపోయింది. అతను వచ్చాక బటన్ నొక్కే బాధ లేకుండా నా భార్య వాయిద్యాన్ని మార్చాడు. దానికి ప్రేమ అని పేరు పెట్టాడు.

మర్నాడు బస్సెక్కి జగ్గయ్యపేట వెళ్లాను. రిపేరాయన మర్యాదస్తుడు, స్టూలు వేసి కూర్చోబెట్టాడు. నెక్ ఇంకా ఆయన దగ్గరే ఉంది. పెనుగంచిప్రోలు బ్యాండువాళ్లు అడిగారని సిద్ధం చేసి పెట్టాడట. గుడ్డ విప్పి చూపించాడు. నిటారుగా ఉంది. నొక్కు లేదు.

"వంగిపోయుంటే సాపు చేశానండి. లోపల గుండు దూర్చి సరిచేశా. ఇప్పుడు కొత్తదానిలా పలుకుద్ది."

మళ్లీ పాతలాగా వంచగలరా అని అడిగాను. ఆయన నా మొహంలోకి చూశాడు. నేను వేళాకోళం ఆడుతున్నానేమోనని కాబోలు.

"ఒకసారి వంగి సాపైన ఇత్తడండి. మళ్లీ వంచితే చీలుద్ది."

నెక్ చేతికిచ్చి పంపాడు. ఆయన మీద కోపం తెచ్చుకోవడానికి నాకు కారణం దొరకలేదు. బస్సులో ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. విజయవాడ దాకా పోయే బస్సు అది. మా నందిగామ వచ్చిందని కండక్టరు రెండుసార్లు అరవాల్సి వచ్చింది.

ఆమె బిగించి ఊదింది. గాలి కారలేదు, కింది స్వరాలు వచ్చాయి. కానీ అడ్డు లేదు, వంపు లేదు. పట్టీ వదులు చేసింది, ఎత్తు కుర్చీ మీద కూర్చుంది, మౌత్‌పీస్ వెనక్కీ ముందుకీ జరిపింది. పది నిమిషాలు చూసి ఊడదీసింది.

"ఇది ఎవరిదోలెండి," అంది.

రెంటిలో ఏ నెక్‌కైనా ఒళ్లు అలవాటు పడటానికి నెలలు కావాలి, దానికి ఊపిరి కావాలి. ఇంకో రెండు ఆదివారాలు ప్రయత్నించి మానేసింది. కారణం అడిగితే నాకు ఓపిక లేదని చెప్పండి అని నన్ను ఆదేశించింది. వాళ్లు మంచి మనసుతో చేశారు, బాధపెట్టొద్దంది. ఆమె మాట కాదనలేక అందరికీ అదే చెప్పాను. చెప్పిన ప్రతిసారీ ఒళ్లు మండింది. తప్పు చేసినవాడు హాయిగా కీబోర్డు వాయిస్తున్నాడు. ఆమె తన ఊపిరి మీద నింద వేసుకుని వెనక బెంచీలో కూర్చుంటోంది. వానాకాలం మొదలయ్యేలోగా జబ్బు తిరగబెట్టి ఆమె పోయింది.

జ్ఞాపకార్థ కూడికలో చాలామంది మాట్లాడారు. ఆమె ఇప్పుడు దేవదూతల మధ్య వాయిస్తోందన్నారు. ఏ నెక్‌తో అని అడగాలనిపించింది, అడగలేదు. చివర్లో అల్లుడు మైకు అందుకుని, ఆంటీ ఆఖరి రోజుల్లో ఆమెకు కొత్త నెక్ ఇచ్చే భాగ్యం దేవుడు మాకిచ్చాడన్నాడు.

నేను లేచాను. సభలో మాట్లాడటం నాకు అలవాటు లేదు.

"ఆ నెక్ వల్లే ఆమె మానేసింది. ఓపిక లేక కాదు. నువ్వు వారానికోసారి ఒక బటన్ నొక్కి ఉంటే చివరిదాకా వాయించేది."

అల్లుడు మైకు వైరు సర్దుకుంటూ ఉండిపోయాడు. పాస్టరు గారు లేచి, సహోదరుడు దుఃఖంలో ఉన్నాడు, ఆయన కోసం ప్రార్థన చేద్దాం అన్నారు. అందరూ కళ్లు మూసుకున్నారు. నేను మూసుకోలేదు. నేను దుఃఖంలో మాట్లాడలేదు, కోపంతో మాట్లాడాను. ఆ రెండింటికీ తేడా తెలియనట్టు నటించడం వాళ్లకు సులువైంది. భోజనాల దగ్గర ఒకాయన నా భుజం తట్టి, మనసు రాయి చేసుకోండి అన్నాడు.

మానేస్తానని అందరూ అనుకున్నారు గానీ నేను గుడి మానలేదు. ప్రతి ఆదివారం వెళ్తాను. పాట మొదలైతే అందరితోపాటు లేచి నిలబడతాను. పాడటం లేదు.