రాజులు కట్టని ఇల్లు

మా వీధిలో ఎవరో పాత గోడకు పూత పూయిస్తున్నారు. సున్నంలో కలపడానికి నానేసిన కరక్కాయల వాసన, తడి సున్నం వాసన కలిసి కిటికీలోంచి రాగానే మునిరత్నం సార్ గుర్తొచ్చారు. ఆయన నాకు పాలిటెక్నిక్‌లో డ్రాయింగ్ చెప్పారు. తర్వాత పాత ఇళ్ల కొలతలు తీసే పనికి వెంట తీసుకెళ్లేవారు. "టేపు చెప్పిందే రాయి మా. జనం నోరు చెప్పింది రాయొద్దు" అనేవారు. గోడ మందంలో అర అంగుళం తేడా వచ్చిందని నన్ను మళ్లీ పలమనేరు బస్సెక్కించిన మనిషి.

నగరి దగ్గర కుశస్థలి ఏటి ఒడ్డున ఒక పెద్ద మిద్దె ఉంది. వరద నీళ్లు లోపలికి రాకుండా దాని పునాదిని ఛాతీ ఎత్తుకు లేపారు. ఏటి వైపు గోడ రెండు మూరల మందం. దానికి కిటికీలు లేవు, పైన గుండ్రటి గాలి కన్నాలే. టేకు దూలాల మీద సన్నిటుకలు నిలువుగా పేర్చి కప్పు వేశారు. లోపల నాలుగు నేతకుటుంబాలు కాపురముండేవి. రోడ్డు వెడల్పు కోసం దాన్ని పడగొడతామన్నారు అధికారులు. కార్వేటినగరం రాజుల కట్టడమైతే వదిలేస్తామన్నారు. తేల్చి రాయవలసింది మా సార్.

కొలతలు మొదలుపెట్టిన మూడో రోజు మెట్ల కింద పెచ్చు ఊడి ఒక ఇటుక బయటపడింది. దాని మీద బట్టీ ముద్ర, ఇంగ్లీషు అక్షరాలు. అలాంటి ఇటుక రాజుల ప్రాభవం పోయాక వచ్చిందని నాకు నేర్పింది ఆయనే. సార్ వంగి దాన్ని బొటనవేలితో తడిమారు. వెనక మజ్జిగ చెంబుతో కన్నెమ్మ నిలబడి ఉంది, ఆ ఇంట్లో మగ్గం నేసే పెద్దావిడ.

"ఏం తేలినాది సామీ? ఇల్లు ఉంటాదా?"

సార్ చెంబు అందుకుని మజ్జిగంతా తాగారు.

వారం తర్వాత ఆయన రిపోర్టు చదివితే నాకేమీ అర్థం కాలేదు.

"రాజులు కట్టించినారని రాసినారే సార్. మరి ఆ ఇటుక?"

"ఏ ఇటుక మా?"

"మీరే సూసినారు గదా."

"నాకు కండ్లు సరిగా ఆనవు" అన్నారు. అద్దాలు లేకుండా వెంట్రుకంత గీతను పట్టుకునే కళ్లవి.

కోపంతో రెండు నెలలు ఆయన దగ్గరికి పోలేదు. పోయినప్పుడు కాఫీ ఇచ్చి, వేరే ఏదో ఇంటి దూలాల గురించి మాట్లాడారు. ఆ ఇటుక గురించి నేనూ అడగలేదు. ఆ వానాకాలమే ఆయన చనిపోయారు. కూలకుండా నిలిచిన ఆ మిద్దె నుంచి నేతవాళ్లంతా వచ్చి కొత్త పంచె కప్పారు. "అబద్ధమంటే తెలీని మనిషి" అని కన్నెమ్మ నా చేయి పట్టుకుని ఏడ్చింది. తల ఊపానో లేదో గుర్తులేదు.

ఇప్పుడు అలాంటి కాగితాల మీద సంతకం నాది. పెట్టే ముందు ఆ ఇంట్లో ఎవరుంటున్నారని అడుగుతాను. అది ఆయన నేర్పిన పాఠమో, ఆయన చేసిన తప్పో నాకింకా తేలలేదు. అడగడం మాత్రం మానలేకపోతున్నాను.