తొడకు కాదని డాక్టరుకు చెప్పిందెవరు?

దయ్యాల కథలు చెప్పేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండేది. ఇప్పటికీ మండుతుంది. అయినా ఇది రాస్తున్నానంటే, జరిగింది నాకు కాబట్టి. ఇంకో మాట కూడా ముందే చెప్పేస్తాను. నాకు దెబ్బ తగిలింది మలద్వారంలో. నవ్వేవాళ్లు నవ్వుకోండి. ఆ ఒక్క మాట చెప్పలేకే అప్పుడు చావబోయాను.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో, బాన్సువాడ పక్కన మా చెరుకు కొట్టిస్తున్నాం. కూలీలు అన్నానికి వెళ్లారు. నేనొక్కణ్ణే బండెక్కి చెరుకుకు మోకు బిగిస్తుంటే కాలు జారింది. గట్టున పాతిన వెదురు కట్టె మీద సరిగ్గా కూర్చున్నట్టు పడ్డాను. చుట్టూ ఎవరూ లేరు. నాకు నేనే లేచి, లుంగీ కాలువలో ఉతుక్కుని ఇంటికొచ్చాను.

తొడ కూడా గీరుకుపోయింది. బాన్సువాడ దవాఖానలో అదే చూపించి కట్టు కట్టించుకున్నాను. పక్కన అక్క, ఎదురుగా ఆమె భర్త, మా బావ. ఆయనకు తెలిస్తే బతికినన్నాళ్లూ ఆట పట్టిస్తాడు. నా పెళ్లిలో పంచె జారిందని అప్పటికి పదేళ్లుగా నవ్వుతున్న మనిషి.

మర్నాడు పొద్దుటికి ఒళ్లు కాలిపోతోంది, పొట్ట రాయిలా బిగిసింది. జీపులో నిజామాబాద్ తీసుకెళ్లారు. అక్కడా బావ, "తొడకు తాకింది సార్" అనే చెప్పాడు. నేను కళ్లు మూసుకున్నాను.

డాక్టరు తొడ వైపు చూడనే లేదు. బావను బయటికి పంపి, "కట్టె ఎంత లోపలికి దిగింది?" అన్నాడు.

ఎవరు చెప్పారని అడిగాను.

"మీ అమ్మగారు. వరండాలో నన్ను ఆపింది. 'సారూ, వాడు సిగ్గుకు సస్తడు గని నోరిప్పడు. కట్టె మీద కూసున్నట్టు పడ్డడు, ఎనక సూడుండ్రి' అంది. చీర నిండా ఆకు తునకలు. బీడీలు చేస్తుందా?"

మా అమ్మ బీడీలే చేసేది. చనిపోయి అప్పటికి నాలుగేళ్లు.

సాయంత్రానికల్లా ఆపరేషన్ చేశారు. పొట్ట నిలువునా కోయలేదు. మూడు చిన్న రంధ్రాలు పెట్టి, కెమెరాతో చూస్తూ లోపల కడిగారు. చిరిగింది మానేదాకా మలం పొట్ట పక్కనుంచి సంచిలోకి వచ్చేలా దారి మళ్లించారు. మూడు నెలల తర్వాత మళ్లీ కలిపారు. ఇంకో పూట ఆలస్యమైతే దక్కేవాణ్ణి కాదట. ఆ సంచితోనే హోటల్లో కూర్చుని చాయ్ తాగాను. ఎక్కడ తగిలిందని అడిగిన ప్రతివాడికీ ఉన్నదున్నట్టు చెప్పాను. బావ ఒక్కసారి కూడా నవ్వలేదు. నాకు చేతకాని రోజుల్లో ఆ సంచి మార్చింది ఆయనే.

వచ్చింది అమ్మే అంటుంది అక్క. నేను ఒప్పుకోను. మా వైపు బీడీలు చేసే ఆడవాళ్లకు కొదవా? ఎవరో నన్ను గుర్తుపట్టి ఉంటారు. కానీ నేను పడింది చూసినవాళ్లే లేరు. నా వాలకం చూసి మీరే ఊహించారా అని డాక్టరును అడిగితే, ఆయనకు కోపం వచ్చింది.

అక్కతో ఇప్పటికీ కొట్లాడతాను. "అమ్మనే అయితే నా దగ్గరికి ఎందుకు రాలె? పదడుగుల దూరంల స్ట్రెచర్ మీద ఏడ్సుకుంట పండి ఉన్న గదా. డాక్టర్ తోని మాట్లాడింది, నాతోని ఒక్క మాట మాట్లాడితే ఏం పోతుండె?"

ఆ కోపం ఇంకా తగ్గలేదు.