ఐసు మీద పడుకున్నవాళ్ళు

కెనడాలోని హాలిఫాక్స్ రేవులో ఒక శనివారం పొద్దున నేను వెలగబెట్టిన ఘనకార్యం చెబుతాను. చదివాక నా చదువు మీద మీకు అనుమానం వస్తే తప్పు మీది కాదు.

అప్పట్లో మన పిల్లలు విమానాలకు విమానాలు దిగిపోతున్నారు. ఏ కాఫీ షాపులోనైనా పార్ట్‌టైమ్ ఖాళీ ఉందంటే చాలు, మా కాలేజీ సగం ఆ గుమ్మం ముందే ఉండేది. నెలల తరబడి తిరిగినా నాకు పని దొరకలేదు. చివరికి నా రూమ్మేట్ చిట్టిబాబు కరుణించాడు. వాడు కాకినాడవాడు, రేవు ఒడ్డు సంతలో మార్లీన్ అనే పెద్దావిడ చేపల దుకాణంలో పనిచేసేవాడు. పరీక్షలని ఆ రోజుకు తన బదులు నన్ను పంపాడు. ఆవిడకు నచ్చితే నన్నూ పెట్టుకుంటుంది. నచ్చకపోతే మళ్ళీ రెజ్యూమెలు, మళ్ళీ ఊరంతా ప్రదక్షిణలు.

"ఒరేయ్, నువ్వు సముద్రం పక్కనే పుట్టావని చెప్పాన్రా. నా పరువు తీయకు."

"మాది కరీంనగర్ గదరా!"

"మీకు డ్యామ్ ఉంది కదా! అదే సముద్రం అనేసుకో."

అనేసుకున్నాను.

తెరచాప ఓడల కాలం నాటి రాతి గోదాములు, వాటి ముందు చెక్కబాట, దాని పొడవునా తెల్ల గుడారాల సంత. మార్లీన్ నన్ను ఎగాదిగా చూసింది.

"సముద్రం పిల్లాడివట కదా?"

"యెస్ మేడమ్."

"అయితే నీకు చెప్పక్కర్లేదు. లాబ్‌స్టర్లను ఐసు మీద అందంగా సర్దు. కాఫీ తెస్తాను."

లాబ్‌స్టర్ అనే ఆ రాక్షసి రొయ్య ఎర్రగా ఉంటుందనుకునేవాణ్ణి. పెట్టెలో ఉన్నవి బురద రంగులో, ఉలుకూ పలుకూ లేకుండా పడి ఉన్నాయి. పాపం, పోయి ఎన్నాళ్ళయిందో అనుకున్నాను. పటకారుల్లాంటి వాటి ముందుకాళ్ళకు లావుపాటి నీలం రబ్బరు బ్యాండ్లు.

ఇక్కడ మీకొక సంగతి చెప్పాలి. మా ఇంట్లో రబ్బరు బ్యాండు చెత్తబుట్టలో పడటం నేను చూడలేదు. కర్రీ పాయింటు సాంబారు పొట్లానిదైనా సరే, అమ్మ కడిగి వంటింటి కుళాయికి తొడిగేది. అలాంటి ఇంట్లో పెరిగినవాడికి ఇంత మేలురకం సరుకు కనబడితే చెయ్యి ఊరుకుంటుందా? పైగా ప్యాకింగ్ విప్పకుండా పెడితే కొనేవాళ్ళకు ఏం కనబడుతుంది? ఒక్కొక్కటే ఊడబీకి జేబులో వేసుకున్నాను. లాబ్‌స్టర్లను వరసగా పేర్చి, ఫొటో తీసి చిట్టిబాబుకు పంపాను.

ఎండ ఎక్కింది. ఫోన్ మోగింది.

"ఒరేయ్! బ్యాండ్లేవిరా?"

"నా జేబుల ఉన్నయ్. ఇంటికి తెస్తున్నా."

"జేబులోనా! ఒరే బాబూ, అవి బతికున్నాయిరా!"

"ఏందిరా పరాచకాలు? ఐసు మీద పెట్టిన్రు గదా."

"చల్లగా ఉంటే మత్తుగా పడుంటాయిరా! కదిలాయంటే నీ వేళ్ళు..."

మిగతాది నాకు వినబడలేదు. నా ఏప్రన్‌ను ఎవరో లాగారు. కిందికి చూశాను. లాగింది 'ఎవరో' కాదు.

శవాలనుకున్నవన్నీ ఒక్కసారిగా లేచి కూర్చుంటే మీరేం చేస్తారో నాకు తెలియదు. నేను మాత్రం చేపల పెట్టె మీదికెక్కి "అమ్మో! లేచినయ్! లేచినయ్!" అని స్వచ్ఛమైన కరీంనగర్ తెలుగులో అరిచాను. వంగి చూస్తున్న ఒక టూరిస్టు ఆవిడ స్కార్ఫును ఒకటి పట్టేసింది. ఆవిడ అటు, అది ఇటు. వాళ్ళాయన విడిపించకుండా వీడియో తీస్తున్నాడు. ఇంకొకటి బల్ల మీంచి దొర్లి పక్కనున్న జామ్ దుకాణం కిందికి దూరింది.

అప్పుడు వచ్చింది మార్లీన్, చేతుల్లో రెండు కాఫీలతో. రెండోది నాకోసమేనని తెలిసి ప్రాణం ఇంకా చివుక్కుమంది.

కాఫీలు పక్కన పెట్టి, గ్లవ్స్ తొడుక్కుని స్కార్ఫు విడిపించింది, జామ్ దుకాణం కిందిదాన్ని ఈడ్చుకొచ్చింది. తర్వాత నావైపు తిరిగింది.

"బ్యాండ్లు ఎవరు తీశారు?"

జేబులోంచి గుప్పెడు తీసి చూపించాను. ఆవిడ నా రెండు చేతులూ పట్టుకుని, తిరగేసి, వేళ్ళు లెక్కపెట్టింది.

"ఉత్త చేతులతోనా?"

"చచ్చిపోయాయనుకున్నాను మేడమ్."

"నువ్వు పుట్టింది ఏ సముద్రం పక్కన?"

ఉద్యోగం ఎలాగూ పోయింది, నిజమైనా మిగలనీ అనుకున్నాను. "డ్యామ్, మేడమ్."

ఆవిడ కళ్ళ నీళ్ళొచ్చేదాకా నవ్వింది. "నా జన్మలో ఇంత ధైర్యవంతుణ్ణి చూడలేదు. ఉద్యోగం నీదే."

నేను ఆనందంతో పెట్టె దిగబోయాను.

"మొదటి పని," అంది ఆవిడ, పూర్తిగా మేలుకున్న లాబ్‌స్టర్ల వైపు చూపిస్తూ, "వాటికి బ్యాండ్లు మళ్ళీ తొడుగు."

ఆ రోజే, పది వేళ్ళ సాక్షిగా ప్రతిజ్ఞ చేశాను: ఐసు మీద పడుకున్నవారు ఎవరైనా సరే, "అయ్యా, తమరు ఉన్నారా, పోయారా?" అని వినయంగా అడిగి, జవాబు వచ్చేదాకా ఒంటి మీద చెయ్యి వెయ్యను.