సమ్మక్క పంపిన అర్జీ

అశోక్‌నగర్‌లో కోచింగ్ సెంటర్ల వెనక సందులో హైమవతి గారి లేడీస్ హాస్టల్ ఉంది. పదిహేనేళ్లుగా అక్కడ వంట చేస్తున్న మనిషిని అందరూ లక్ష్మి అనే పిలిచేవారు. ఆమె అసలు పేరు సోయం సమ్మక్క. భద్రాచలం అవతలి అడవి ఊరు, కోయ ఇంటి ఆడపిల్ల. ఆ సంగతి హాస్టల్లో ఎవరికీ తెలియదు. తెలియనివ్వకుండా ఆమే జాగ్రత్తపడింది.

భర్త జ్వరంతో పోయాక ఆమె ఈ నగరానికి వచ్చి మొదట నారాయణగూడలో ఒక ఇంట్లో పనికి కుదిరింది. నెల తిరక్కముందే ఆ ఇల్లాలు మాటల మధ్యలో కులం అడిగింది. సమ్మక్క దాచకుండా చెప్పింది. మర్నాటి నుంచి వంటగదిలోకి రానివ్వలేదు, తాగే నీళ్లు కూడా పెరటి కుళాయి దగ్గరే పట్టుకోమన్నారు. ఆ పని మానేసి ఇక్కడికి వచ్చినప్పుడు హైమవతి గారు పేరేంటని అడిగితే, "లక్ష్మి, కాపోళ్లమమ్మా" అనేసింది. హైమవతి గారు మరో ప్రశ్న వేయలేదు. అయినా ఆ రోజు నుంచి సమ్మక్కకు గుబులు పట్టుకుంది. తమ్ముడు ముత్తయ్య ఫోన్ చేసి కోయభాషలో మాట్లాడితే, మేడ మీదికి పోయి ట్యాంకు పక్కన నిలబడి గొంతు తగ్గించి జవాబు చెప్పేది.

ఒక జూలై సోమవారం పొద్దున ఢిల్లీలో ఒక ఆదివాసీ ఆడమనిషి రాష్ట్రపతిగా ప్రమాణం చేసింది. ఈ దేశంలో అలా జరగడం అదే మొదటిసారి. మెస్‌లో అమ్మాయిలు ఉప్మా ప్లేట్లు పట్టుకుని టీవీ ముందు చేరారు. గ్రూప్స్‌కి చదువుతున్న మహిత, "కరెంట్ అఫైర్స్‌ల ఇది పక్కా వస్తది" అని రాసుకుంది. వెనక నుంచి ఒకమ్మాయి నవ్వింది. "పేరుకేలే. ఎక్కడ పెట్టమంటే అక్కడ సంతకం పెడుతుంది, అంతే."

సమ్మక్క చేతిలో గరిటె అలాగే ఉంది. తెరమీద కొత్త రాష్ట్రపతి నడక చూస్తుంటే తన మేనత్త నడిచి వస్తున్నట్టే అనిపించింది. ఆ వెంటనే భయమేసింది. అంతమంది పెద్దవాళ్ల నడుమ ఆమెను నోరు తెరవనిస్తారా? తెరిస్తే ఊరుకుంటారా?

ఆ మధ్యాహ్నమే ముత్తయ్య ఫోన్ చేశాడు. "అక్కా, ఫారెస్టోళ్లు జేసీబీ తెచ్చిండ్రు. వానలు తగ్గంగనే మన పోడు చుట్టూ కందకం తీస్తమంటున్నరు. పత్తంత పోతది." ఆ నాలుగెకరాలూ తాతల నాటి నుంచి అడవి అంచున వాళ్లు దున్నుకుంటున్నవే. కాగితం మాత్రం ఒక్కటీ లేదు. "మనామె కుర్చీ ఎక్కిందట గద. పట్నంల ఉన్నవు, ఒక అర్జీ రాయరాదే."

నాలుగు రోజులు ఆమెకు అన్నం సయించలేదు. రాస్తే ఆ కాగితం ఎవరి చేతుల్లో పడుతుందో! దాన్ని పట్టుకుని తమ్ముడి మీద కేసు పెడితే? రాయకపోతే భూమి ఎలాగూ పోతుంది. ఐదో రోజు మహితను మేడ మీదికి పిలిచింది.

ఆమె చెప్పిందంతా మహిత రాష్ట్రపతి పేర రాసి, "కింద నీ పేరు పెడతనక్కా, లక్ష్మి అనే గదా?" అంది.

"కాదు బిడ్డా. సోయం సమ్మక్క."

మహిత కలం ఆగిపోయింది. "ఇన్నేండ్లు ఎట్ల దాచినవక్కా?"

"దాచకుంటే యాడ ఉండేదాన్ని?"

ఉత్తరం ఎవరిదో, జవాబు ఎక్కడికి రావాలో రాయకపోతే లాభం లేదని మహిత చెప్పింది. హాస్టల్ చిరునామా రాస్తుంటే సమ్మక్క కళ్లు మూసుకుంది. చిక్కడపల్లి పోస్టాఫీసు దాకా వెళ్లి రెండుసార్లు వెనక్కి తిరిగింది. మూడోసారి రిజిస్టర్ చేసి వచ్చింది.

సెప్టెంబర్‌లో పోస్ట్‌మన్ గేటు దగ్గర నిలబడి, "సోయం సమ్మక్క ఎవరు?" అని అడిగాడు.

"ఆ పేరుతో ఇక్కడెవరూ లేరు బాబూ" అంది హైమవతి గారు.

వంటింట్లోంచి సమ్మక్క విన్నది. అతను కవరు సంచిలో పెట్టుకోబోతుంటే బయటికి వచ్చి, "నేనేనమ్మా" అంది.

హైమవతి గారు ఆమెను ఎగాదిగా చూసింది. "పదిహేనేళ్లు నా ఇంట్లో ఉండి పేరు కూడా దాచావా?" అంది. ఆ సాయంత్రం నుంచి, రోజూ సమ్మక్క కలిపిచ్చే కాఫీని తనే కలుపుకోవడం మొదలుపెట్టింది. అది కోపమో మరొకటో సమ్మక్కకు తెలియలేదు. అడిగే ధైర్యమూ చాల్లేదు.

మహిత కవరు విప్పి చదివింది. అర్జీని తగిన చర్య కోసం రాష్ట్ర ప్రభుత్వానికి పంపించామని రాష్ట్రపతి ఆఫీసు వాళ్లు రాశారు.

"అంటే మళ్ల వాళ్ల చేతికే పోయిందా బిడ్డా?"

"అవునక్కా" అంది మహిత. పదిరోజుల్లో ముత్తయ్యకు ఫారెస్టు రేంజ్ ఆఫీసు నుంచి పిలుపొచ్చింది. ఒక్కణ్ణే పంపడానికి మనసొప్పక సమ్మక్క తనూ బయల్దేరింది. సంచి సర్దుకుంటుంటే హైమవతి గారు గుమ్మంలోకి వచ్చి, "ఎప్పుడొస్తావు?" అని మాత్రం అడిగింది.

రేంజ్ ఆఫీసులో బల్ల మీద సమ్మక్కకు తన అర్జీ నకలు కనిపించింది. రేంజరు దాన్ని ఆమె ముందుకు జరిపాడు.

"ఇది పంపింది నువ్వేనా?"

"నేనే సారు."

"రాష్ట్రపతికే పంపుతవా?"

"ఇంకెవలకు పంపాలె సారు?"

అతను కాగితం పక్కన పెట్టి, సర్వే అయ్యేదాకా జేసీబీ రాదన్నాడు. ముత్తయ్య చేత వేలిముద్ర వేయించుకున్నాడు. ఏ కాగితం మీద వేయించాడో వాళ్లకు చదివి వినిపించలేదు.

ఆ ఏడు పత్తి చేతికొచ్చింది. సర్వేలో రెండెకరాలు రాసుకున్నారు, మిగతా రెండింటి గురించి ఎవరూ చెప్పరు. సమ్మక్క మళ్లీ హాస్టల్ వంటింట్లోనే ఉంది, ఇప్పుడు అమ్మాయిలంతా ఆమెను సమ్మక్కా అనే పిలుస్తారు. హైమవతి గారు మాత్రం ఒక్కోసారి మరిచిపోయి లక్ష్మీ అంటుంది. ముత్తయ్య ఫోన్ మోగితే, భూమి కబురేమోనని సమ్మక్కకు ఇప్పటికీ భయమే. ఎత్తే ముందు తడిచేతులు కొంగుకు తుడుచుకుని, ఒక్క క్షణం ఆగుతుంది.