ముక్కులో తీగతో పాఠం చెప్పిన అనసూయ మేడమ్

ఆచార్య ముత్యాల అనసూయ గారు ఇక లేరు. గత నెలలో ఒక మంగళవారం ఉదయం నేను నోయిడాలోని మా కళాశాలలో క్లాసుకు బయలుదేరుతుండగా ఆమె భర్త విఠల్ గారి నుంచి ఫోన్ వచ్చింది. "మీ మేడమ్ పోయింది బిడ్డా" అన్నారాయన. "ఎక్కడికండీ?" అని అడిగాను. ఆయన ఏడ్చేశారు. అప్పుడు నాకు అర్థమైంది. వరండాలో పిల్లలు పక్కనుంచి వెళ్తూ నమస్కారాలు పెడుతూనే ఉన్నారు. నేను ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని గోడకు ఆనుకుని నిలబడిపోయాను.

సంతాప సభలో ఒక పెద్దమనిషి, "ప్రయోగాల కోసం తన దేహాన్నే ధారపోసి, చివరికి వాటికే బలైపోయిన త్యాగమూర్తి" అన్నారు. సభంతా తలలూపింది. నేను లేచి, కాదు అన్నాను. ఇక్కడా అదే అంటున్నాను. ఆమెను తీసుకుపోయింది రక్త క్యాన్సర్. ఆమె చేసిన ప్రయోగాలకూ ఆ వ్యాధికీ ఏ సంబంధమూ లేదని వైద్యం చేసిన డాక్టరే విఠల్ గారికి స్పష్టంగా చెప్పారు. త్యాగమూర్తి అన్న మాట మేడమ్ చెవిన పడి ఉంటే, "నేనేం త్యాగం చేసిన? నాకు ఇష్టమైన పనే చేసిన" అని ఆ పెద్దమనిషిని అక్కడికక్కడే కడిగేసేవారు. ఆమె బలి కాలేదు. పోరాడారు. చాలావరకు గెలిచారు కూడా.

అనసూయ గారిది సిద్దిపేట ప్రాంతం. విఠల్ గారి కేంద్ర ప్రభుత్వ ఉద్యోగం వల్ల ఢిల్లీ వచ్చి, ఆర్.కె. పురం క్వార్టర్స్‌లో కాపురం ఉంటూ, దక్షిణ ఢిల్లీలోని ఒక విద్యాసంస్థలో అధ్యాపకురాలయ్యారు. మనిషి శరీరంలోని ద్రవాల ఆమ్లతను లోపలే ఉండి కొలిచే సూక్ష్మ పరికరాల రూపకల్పన ఆమె జీవితకాల తపస్సు. సేమ్యా అంత సన్నని తీగ ముక్కులోంచి అన్నవాహికలోకి దిగుతుంది. కడుపులోని ఆమ్లం ఎప్పుడెప్పుడు పైకి ఎగదన్నుతోందో నడుముకు కట్టుకున్న చిన్న పెట్టెకు చెబుతుంది. పాలు కక్కే పసిబిడ్డకు మందు వేయాలా, శస్త్రచికిత్స చేయాలా, ఊరికే వదిలేయాలా అన్న నిర్ణయం ఆ పెట్టె చూపే అంకె మీద ఆధారపడుతుంది. ఆసుపత్రుల్లో ఉన్న గొట్టాలు పసివాళ్ల ముక్కుకు లావు. వాటికంటే సన్నని తీగ కావాలన్నది ఆమె పట్టుదల.

నేను రాజమండ్రి నుంచి వచ్చి జియా సరాయ్‌లో గది తీసుకుని ఆమె దగ్గర పరిశోధనలో చేరేనాటికి తొలి తీగ సిద్ధమైంది. గాజుపాత్రల్లో ఏ ద్రవంలో ముంచినా తిరుగులేకుండా పనిచేసేది. ఒక కంపెనీ దాన్ని తయారు చేయడానికి ముందుకొచ్చింది. పెద్ద ప్రదర్శనలో ఆవిష్కరణ కూడా నిశ్చయమైంది. అప్పుడు మేడమ్, మనుషుల మీద ప్రయోగాలను పరిశీలించే నైతిక సమితి అనుమతి తీసుకుని, ఆ తీగను ముందుగా తన ముక్కులోకే దింపించుకున్నారు. పోల్చి చూడటానికి రెండో ముక్కు రంధ్రంలో ఆసుపత్రి వాళ్ల పాత గొట్టం!

ఆ రోజును మరిచిపోవడం నా తరం కాదు. రెండు ముక్కు రంధ్రాల్లోంచి వేలాడే తీగలను చెంపలకు పట్టీలతో అతికించుకుని, నడుముకు రెండు పెట్టెలు కట్టుకుని, ఆమె ఎప్పటిలాగే బస్సులో వచ్చారు. కండక్టర్ కంగారుపడి, "దీదీ, అస్పతాల్ ఆగే హై" అని, ఆసుపత్రి ఇంకా ముందుందని చెప్పాడట. "నై భయ్యా, పఢానే జా రహీ హూఁ" అన్నారట మేడమ్, పాఠం చెప్పడానికి వెళ్తున్నానని. క్లాసులో పిల్లలు బోర్డు వదిలేసి ఆమె ముక్కు చూస్తుంటే సుద్దముక్క కింద పెట్టి, "చూసిండ్రా? మంచిగ చూడండ్రి. అయిపోయిందా? ఇగ బోర్డు చూడండ్రి" అన్నారు. ఆ తీగలతోనే మెస్సులో చారన్నం తిన్నారు.

సాయంత్రం పెట్టెలు విప్పి చూస్తే రెండు గీతలూ కలవలేదు. ఉదయం ఒకదాని మీద ఒకటి నడిచినవి, మధ్యాహ్నం నుంచి విడిపోయి దూరమయ్యాయి. పాత గొట్టం సరిగానే చెబుతోంది. దారి తప్పింది మాది. తీగ కొసన ఆమ్లానికి స్పందించే మొన ఒకటి, దానితో పోల్చడానికి ఎప్పటికీ మారకూడని మొన ఒకటి ఉంటాయి. ఆ మారకూడని మొన మీది పూతలోంచి దాన్ని స్థిరంగా ఉంచే ఉప్పు శరీరపు తడిలోకి మెల్లగా కారిపోతోంది. గాజుపాత్రలో కొద్దిసేపటి పరీక్షకు దొరకని లోపం, ఒక పూట ఆమె దేహంలో ఉండి బయటపడింది.

కంపెనీ అధికారి మీటింగులో నచ్చజెప్పబోయాడు. "మేడమ్, ముందు లాంచ్ చేద్దాం. నెక్స్ట్ వెర్షన్‌లో ఫిక్స్ చేయొచ్చు కదా?"

"అంతదాంక ఏ బిడ్డ ముక్కుల పెడ్తరు సార్? మీ బిడ్డ ముక్కులనా?"

"అలా ఎమోషనల్ అవకండి."

"ఎమోషన్ కాదు. ఇది తప్పు చెప్తది. తప్పు చెప్పేదాని మీద నేను సంతకం పెట్టను. గంతే."

కంపెనీ తప్పుకుంది. ప్రాజెక్టు ఆగింది. ఇద్దరు విద్యార్థులు వేరే గైడ్ దగ్గరికి మారిపోయారు. నా పరిశోధనంతా ఆ తీగ మీదే. ఆమె గదిలో కూర్చుని వెక్కివెక్కి ఏడ్చాను.

"ఎందుకేడుస్తున్నవ్?"

"నా థీసిస్ పోయింది కదండీ మేడమ్!"

"ఏడ పోయింది? అది ఎందుకు తప్పు చెప్పిందో రాయి. లోకంల ఎవ్వలకు తెల్వదది. నీకే తెలుసు."

అదే రాశాను. పరిశోధకురాలిగా డాక్టరేట్ పట్టా అందుకున్నాను. కానీ అంతకంటే పెద్ద పని ఆమె చేశారు. సహోద్యోగులు జాలిగా చూస్తున్నా, విరమణ వయసు దగ్గరపడుతున్నా, ఆ మారకూడని మొనను మళ్లీ మొదటి నుంచి కట్టారు. కొత్త పూత కోసం ఏళ్ల తరబడి కుస్తీ పట్టారు. కొత్త తీగను మళ్లీ తన ముక్కులోకే దింపుకున్నారు. ఈసారి రెండు గీతలూ విడిపోలేదు. పిల్లలపై పరీక్షలకు అనుమతి వచ్చిన కొద్ది రోజులకే రక్త క్యాన్సర్ బయటపడింది. చికిత్సకు వెళ్తూనే, తలకు చున్నీ చుట్టుకుని, మాస్కు పెట్టుకుని, పిల్లల ఆసుపత్రికీ వెళ్లేవారు. విశ్రాంతి తీసుకోమంటే కళ్లెర్రజేసేవారు.

అక్కడ ఆమె పక్కన నిలబడి నేను చూసిన ఒక దృశ్యం చెప్పాలి. కంటోన్మెంట్‌లో ఉండే ఒక జవాను భార్య, శ్రీకాకుళం అమ్మాయి, పాలు నిలవని పసివాణ్ణి గుండెకు హత్తుకుని, తీగ దింపడానికి ఒప్పుకోలేక కూర్చుంది. డాక్టర్ ఎంత చెప్పినా వినలేదు. మేడమ్ మాస్కుతోనే కాస్త దూరంగా కుర్చీ వేసుకున్నారు.

"నొప్పెడతాదేటమ్మా బాబుకి?" అని అడిగిందా పిల్ల.

"నా ముక్కుల పెట్టుకొని చూసిన బిడ్డా. దించేటప్పుడు తుమ్మొస్తది, కండ్లల్ల నీళ్లొస్తయి. వాడు ఏడుస్తడు. లోపలికి పోయినంక గిలిగింత లెక్క ఉంటది. నొప్పైతే గాదు."

ఆ పిల్ల మేడమ్ కళ్లలోకి చూసి బిడ్డను అందించింది. తీగ చెప్పిందేమంటే, వాడి వాంతులకు ఆమ్లం కారణం కాదు. వేస్తున్న మందు ఆపి, వైద్యులు అసలు కారణం వెతికారు. పాలు పడకపోవడమని తేలింది. ఇప్పుడు వాడు గోడ పట్టుకుని నడుస్తున్నాడు.

చివరిసారి ఆసుపత్రిలో కలిసినప్పుడు, ఆ తీగకు ఆమె పేరే పెడదామని మా శిష్యులందరి తరఫునా అడిగాను. ఆమె గొంతు బాగా నీరసించింది. అయినా తల అడ్డంగా ఊపారు. "వద్దు. నా పేరు పెడితే, రేపు అది తప్పు చెప్పినా ల్యాబు పిల్లలు తప్పనడానికి భయపడ్తరు."

ఆమె స్థానం పూరించగలవారు నా ఎరుకలో లేరు. తన సృష్టిని తానే తప్పని ప్రకటించి, మళ్లీ దాన్నే నిలబెట్టే ధైర్యం అరుదు. ఆ ధీశాలికి శిరసు వంచి నమస్కరిస్తున్నాను. కర్మకాండ ముగిసిన మరునాడు ప్రయోగశాలకు వెళ్లాను. ఢిల్లీలోనే పుట్టి పెరిగిన తెలుగమ్మాయి ప్రియాంక, ఆమె ఆఖరి శిష్యురాలు, తెర మీది గీతలు చూపించి తడుముకోకుండా చెప్పింది. "దీదీ, బుఖార్ వాలే బచ్చోఁ మే మేడమ్ కా కరెక్షన్ గలత్ హై." జ్వరం ఉన్న పిల్లల్లో, ఒంటి వేడిని బట్టి కొలతను సవరించడానికి మేడమ్ వేసిన లెక్క తప్పుతోందట. ఇద్దరం కూర్చుని ఆ లెక్క సరిచేయడం మొదలుపెట్టాం. ఆ తీగ మీద మా మేడమ్ పేరు లేదు. ఆ పిల్ల గొంతులో భయమూ లేదు.