పెద్దమ్మ వేపిన మట్టి

జంషెడ్‌పూర్‌కి అందరూ ఉక్కు చూడ్డానికి వెళ్తారు, నేను మట్టి కోసం వెళ్ళాను. ఎనభైల మొదట్లో విశాఖలో పరిశోధన చేసేవాణ్ణి. ఆ ఊళ్ళోనే బారిడీహ్ పేటలో మా పెద్దమ్మ వాళ్ళ క్వార్టర్ పెరటి మట్టిలో దొరికిన ఒక బ్యాక్టీరియా, చీము పట్టించే క్రిముల్ని చంపేది. ముద్దు చేసి గ్లూకోజు పోసి పెంచాను. తిండి పుష్కలంగా ఉంటే ఇవి ఆ క్రిముల్ని చంపే మందు తయారుచేసే జన్యువుల్ని మూసిపెట్టుకుంటాయి, ఆకలేస్తేనే తెరుస్తాయి. తరాలు గడిచేకొద్దీ నాదానికి పైన పొడిలా పట్టే తెల్లటి బీజాలు, మళ్ళీ మొలిచే గింజల్లాంటివి, అవి కూడా రావడం మానేశాయి. తిండి తగ్గించినా మందు రాలేదు. "అసలుది మళ్ళీ తే. లేదంటే ఇన్నేళ్ల పనీ వదులుకో" అన్నారు ప్రొఫెసర్ గారు.

వాల్తేరులో మెయిలెక్కి, ఖరగ్‌పూర్‌లో దిగి, టాటానగర్ బండి పట్టుకున్నాను. స్టేషన్ నుంచి సాక్చీకి మినీబస్సు, అక్కణ్ణుంచి రెండు రూపాయలకి రిక్షా. "మిట్టీ కే లియే ఇత్‌నీ దూర్?" మట్టి కోసం ఇంత దూరమా అని రిక్షావాడు నవ్వితే ఒళ్ళు మండింది. పెరడంతా సిమెంటు చేయించేశారేమోనని దారి పొడుగునా భయపడుతూనే ఉన్నాను.

"వచ్చీసినావా బాబూ! నీ మట్టి రెడీ" అంటూ పెద్దమ్మ స్టీలు డబ్బా చేతిలో పెట్టింది. నా ఉత్తరం అందగానే తవ్వించిందట. మూత తీస్తే మరమరాలు వేపే ఇసుకలా పొడిపొడిగా ఉంది.

"సన్న సెగ మీద వేపీసినాను. కాలేజీకి పురుగుల మట్టి ఎలాగిత్తాం? పరువు పోదేటి?"

"పెద్దమ్మా! నాకా పురుగులే కావాలి!"

"ఆ ముక్క ముందే సెప్పాలి కదేటి?"

పెరట్లోకి పరిగెత్తాను. తవ్విన చోట ఫినాయిల్ పోసి, ఇటుకలు పరిపించేసింది. నిజంగానే ఏడుపొచ్చింది. గోడ పక్కనా కాలువ అంచునా దొరికిన మట్టి తీసుకున్నాను. ఆవిడ మనసు కష్టపెట్టలేక డబ్బా కూడా సంచిలో వేసుకున్నాను.

విశాఖలో, పచ్చి మట్టి వేసిన గాజు పళ్ళాలన్నిట్లో తొందరగా పెరిగే వేరే బ్యాక్టీరియా అలుక్కుపోయింది. ఇక దిక్కులేక, చీము క్రిములు పరిచిన పళ్ళాల్లో వేపిన మట్టి వేశాను. రోజూ పళ్ళాలు పెట్టిన వెచ్చటి బీరువా తలుపు తీయాలంటేనే భయం. చివరికి ఒక పళ్ళెంలో సుద్దపొడి లాంటి చుక్క, దాని చుట్టూ క్రిములు చచ్చిన ఖాళీ వలయం! మూకుడు వేడికి మిగతావి పోయి, పొడి వేడిని ఓర్చుకునే బీజాలు మిగిలాయి. ఈసారి పిసినారిలా మేపాను.

ఆవిడ ఆ మూకుడు ఇంకాసేపు పొయ్యి మీద ఉంచి ఉంటే నా గతేమిటని ఇప్పటికీ అప్పుడప్పుడూ ఉలిక్కిపడతాను. ఇలా మట్టి కోసం వెళ్ళేవాళ్ళకి ఒకటే మాట: ప్లాస్టిక్ సంచిలో చెమ్మ పడుతుంది, కాగితం పొట్లం కట్టుకోండి. మరుసటేడు వెళ్ళి, మన పురుగు బతికే ఉందని పెద్దమ్మకి సంబరంగా చెప్పాను. ఆవిడ ముఖం పాలిపోయింది.

"నేనంత వేపినా సావలేదా? అలాటిదాన్ని జనాలకి మందులో పోత్తావేటి బాబూ!"